గుండె, రక్తనాళాల క్లినికల్ ట్రయల్‌లో చేరమని అడిగితే ఏమేం చూసుకోవాలి: విశాఖలో వైద్యం పొందే రోగులకు, వారి కుటుంబాలకు

విశాఖపట్నంలో గుండె వైద్యానికి వచ్చేవారు నగరవాసులు మాత్రమే కారు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం, పాడేరు వైపు నుంచీ, సరిహద్దు దాటి దక్షిణ ఒడిశా నుంచీ కూడా రోగులు ఇక్కడి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులకు వస్తుంటారు. వీరిలో కొందరికి ఎకో, యాంజియో వంటి పరీక్షలు అయిన తరువాత, లేదా కాలి సిరలకు డాప్లర్ తీసిన తరువాత, "మీకు సరిపడే ఒక స్టడీ నడుస్తోంది, చేరతారా" అనే ప్రశ్న ఎదురవుతుంది. "మా మీద ప్రయోగాలు చేస్తారా" అని ఆ మాట దగ్గరే లేచిపోవడమూ తొందరపాటే, "డాక్టరుగారు చెప్పారు కదా" అని చదవకుండా సంతకం పెట్టడమూ తొందరపాటే. చేరకపోతే నాకు ఏ వైద్యం అందుతుంది, చేరితే అందులో ఏది మారుతుంది, ఆ మార్పు వల్ల నష్టం వస్తే ఎవరు భరిస్తారు అన్న మూడింటికీ జవాబు దొరికేదాకా నిర్ణయం వాయిదా వేయడం మీ హక్కు. ఆ జవాబులు రాబట్టే పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ఏ రకం అధ్యయనమో ముందు తేల్చుకోండి

పరిశోధన అన్నంత మాత్రాన కొత్త మందు ఇస్తారని కాదు. కొన్ని అధ్యయనాల్లో మీ వైద్యాన్ని ఏమాత్రం మార్చకుండా వివరాలు మాత్రమే నమోదు చేస్తారు. 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 5,209 మందితో మొదలైన ప్రఖ్యాత అధ్యయనం ఈ కోవలోనిదే. అక్కడివారికి ఏ కొత్త మందూ ఇవ్వకుండా, ఏళ్ల తరబడి పరీక్షించి రాసుకుంటూ పోవడం వల్లనే అధిక రక్తపోటు, కొలెస్ట్రాల్, పొగతాగడం గుండెజబ్బుకు దారితీసే కారణాలని గట్టిగా తేలింది. మీ దగ్గరకు వచ్చినది ఇలాంటిదైతే చూసుకోవలసినవి ప్రధానంగా రెండే: అదనంగా ఎంత రక్తం తీస్తారు, మీ వివరాలు ఎవరి చేతికి వెళతాయి.

మందు, స్టెంట్, సిరలోకి పంపే లేజర్ వంటి పరికరం, లేదా శస్త్రచికిత్స పద్ధతి, వీటిలో దేన్నయినా రోగులపై పరీక్షించేది, అంటే క్లినికల్ ట్రయల్, మాత్రం వేరే లెక్క. అందులో ఏ దశ అని అడగండి. మొదటి దశలో మందు భద్రతను కొద్దిమందిలో చూస్తారు, రెండో దశలో మోతాదునూ పనితీరునూ అంచనా వేస్తారు, మూడో దశలో వందల నుంచి వేలమందిలో ఇప్పుడున్న వైద్యంతో పోల్చి చూస్తారు, మందు మార్కెట్లోకి వచ్చిన తరువాత జరిగేది నాలుగో దశ. గుండె ఓపీలో సాధారణ రోగిని అడిగేవి ఎక్కువగా చివరి రెండు దశలవి. వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రిలోనైతే అది పీజీ విద్యార్థి థీసిస్ కూడా కావచ్చు. అందులో తప్పేమీ లేదు, కాని ఆ విద్యార్థి కోర్సు ముగించుకుని వెళ్లిపోయాక మీ బాధ్యత ఏ ప్రొఫెసరుదో ఆ పేరు కాగితం మీద ఉండాలి.

రిజిస్ట్రీలో వెతకండి

భారతదేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ వివరాలు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిర్వహించే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో, అంటే సీటీఆర్‌ఐలో ఉంటాయి. 2007లో మొదలైన ఈ రిజిస్ట్రీలో నమోదును 2009 జూన్ 15 నుంచి ఔషధ నియంత్రణ అధికారులు తప్పనిసరి చేశారు. 2018 ఏప్రిల్ 1 తరువాత, మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదై ఉండాలనే నిబంధన వచ్చింది. కాబట్టి మిమ్మల్ని అడుగుతున్న సమయానికే ఆ ట్రయల్‌కు నంబరు ఉండి తీరాలి. సీటీఆర్‌ఐ అనే అక్షరాలు, ఆ తరువాత సంవత్సరం, నెల, వరుస సంఖ్య, ఈ క్రమంలో ఆ నంబరు ఉంటుంది. దాన్ని ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటరును అడిగి రాసుకుని, ఇంట్లో చదువుకున్న పిల్లల చేత వెబ్‌సైటులో వెతికించండి. చూడడానికి రుసుము ఏమీ లేదు.

ఆ పేజీ పొడవు చూసి బెదరనక్కరలేదు, నాలుగు చోట్ల చూస్తే చాలు. ట్రయల్ జరిగే ఆసుపత్రుల జాబితాలో మీరు చూపించుకుంటున్న ఆసుపత్రి, మీ డాక్టరు పేరు ఉన్నాయా? రోగుల క్షేమం దృష్టితో ట్రయల్‌ను సమీక్షించే ఎథిక్స్ కమిటీ వరుసలో ఆమోదం వచ్చినట్టు ఉందా, లేక దరఖాస్తు చేసినట్టు మాత్రమే ఉందా? డబ్బు పెడుతున్న స్పాన్సర్ ఎవరు? ఎవరిని చేర్చుకోకూడదో చెప్పే షరతుల్లో మీకు వర్తించేది ఏదైనా ఉందా? ఈ చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. కిడ్నీ పనితీరు తగ్గినవారిని, ఇటీవల కడుపులో రక్తస్రావం అయినవారిని, గర్భిణులను చాలా గుండె ట్రయల్స్ మినహాయిస్తాయి. మీ పాత రిపోర్టు ఈ ఆసుపత్రి ఫైలులో లేకపోతే ఆ సంగతి డాక్టరుకు తెలిసే దారి లేదు. పాత డిశ్చార్జి సమ్మరీలన్నీ సంచిలో పెట్టుకుని వెళ్లడం ఇక్కడ మీ ప్రాణరక్షణకు పనికొచ్చే పని.

పోల్చి చూస్తున్నది దేనితోనో అడగండి

చేరాలా వద్దా అన్నది చాలావరకు ఇక్కడే తేలుతుందని నా అభిప్రాయం. ట్రయల్‌లో రోగులను రెండు మూడు బృందాలుగా విడదీస్తారు. ఎవరు ఏ బృందంలోకి వెళతారో డాక్టరు ఎంచరు. బొమ్మాబొరుసు వేసినట్టు కంప్యూటరు నిర్ణయిస్తుంది. చాలా ట్రయల్స్‌లో మీకు అందేది ఏ మందో మీకూ తెలియదు, మీ డాక్టరుకూ తెలియదు. అందువల్ల "నాకు కొత్త మందు దొరుకుతుంది" అనే ఆశతో చేరకండి. రెండు బృందాల్లో ఏది వచ్చినా సమ్మతమే అనుకున్నప్పుడే చేరండి.

కొత్తది కాబట్టి మెరుగైనదే అయి ఉంటుందన్న నమ్మకాన్ని గుండె వైద్య చరిత్ర పలుమార్లు తప్పని చూపింది. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల గుండె కవాటాలు దెబ్బతిని, గుండె లయ తప్పినవారు మన ప్రాంతంలో చాలామంది ఉన్నారు. వీరు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసిట్రోమ్ వంటి పాతకాలపు మాత్రలు వేసుకుంటూ, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష తరచూ చేయించుకోవలసి వస్తుంది. ఆ పరీక్షల బెడద లేని కొత్త మందు రివరాక్సబాన్ వీరికి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి 24 దేశాల్లో 4,500 మందికి పైగా రోగులతో ఇన్విక్టస్ అనే ట్రయల్ జరిగింది. 2022లో వెలువడిన ఫలితాల్లో పాత మందు తీసుకున్నవారిలోనే మరణాలు తక్కువగా ఉన్నాయి, రక్తస్రావాలు కూడా ఎక్కువ కాలేదు. అంతకు ముందు, 1989లో వెల్లడైన కాస్ట్ ట్రయల్ ఫలితం మరింత కటువైనది: గుండెపోటు తరువాత వచ్చే అదనపు స్పందనలను ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు చక్కగా అణిచినా, వాటిని తీసుకున్నవారిలో మరణాలు ప్లాసిబో, అంటే మందులా కనిపించే ఉత్తుత్తి మాత్ర, తీసుకున్నవారి కంటే ఎక్కువగా నమోదయ్యాయి. ఈసీజీ బాగుపడింది, మనిషి బాగుపడలేదు.

రెండో వైపు కూడా చెప్పాలి. గుండెపోటు వచ్చిన వెంటనే ఆస్పిరిన్ నమిలించడం ఇప్పుడు ఎంత మామూలు విషయమో, 17,187 మంది రోగులతో జరిగి 1988లో ఫలితాలు వెలువడిన ఐసిస్-2 ట్రయల్‌కు ముందు అంత అనుమానాస్పదమైన విషయం. ఆ ట్రయల్‌లో ప్లాసిబో బృందంలో పడినవారు కూడా ఉన్నారు, వారి అంగీకారం లేకుండా ఆ నిజం తేలేది కాదు.

ప్లాసిబో అన్న మాట వినిపిస్తే అడగవలసింది ఇది: ప్లాసిబో మామూలు వైద్యానికి అదనంగా ఇస్తారా, దానికి బదులుగా ఇస్తారా? బీపీ మాత్రలు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, ఆస్పిరిన్ అన్నీ యథాతథంగా సాగుతూ, వాటిపైన కొత్త మందో ప్లాసిబోనో చేరేది ఒక రకం. నిరూపితమైన మందును ఆపి దాని స్థానంలో ప్లాసిబో ఇచ్చేది వేరొక రకం. రెండోదానికి ఎంత కాలం, ఏ నిఘాతో, ఏ పరిస్థితిలో ఆపేస్తారు అన్న వివరాలు లిఖితంగా లేకపోతే నేనైతే చేరమని ఎవరికీ చెప్పను.

ఇక కొలమానం సంగతి. గుండె ట్రయల్స్‌లో మరణం, గుండెపోటు, పక్షవాతం, ఆసుపత్రిలో చేరడం, మళ్లీ స్టెంట్ వేయించుకోవడం వంటివన్నీ కలిపి ఒకే ఫలితంగా లెక్కించడం మామూలు. ఇలా కలిపితే తక్కువమందితోనే తేడా బయటపడుతుంది, అందుకే అలా చేస్తారు. అయితే ఆ మొత్తంలో తగ్గింది మరణాలా, ఆసుపత్రి చేరికలా అన్నది రోగికి చాలా ముఖ్యం. అలాగే "25 శాతం తగ్గింది" అని ఎవరైనా ఉత్సాహంగా చెబితే, ఎంతమందిలో ఎంతమందికి అని అడగండి. నూరుమందిలో నలుగురికి జరిగేది ముగ్గురికి జరిగినా అది 25 శాతం తగ్గుదలే, నూరుమందిలో నలభైమందికి జరిగేది ముప్పైమందికి జరిగినా అది 25 శాతం తగ్గుదలే.

సమాచార పత్రాన్ని ఇంటికి తీసుకెళ్లి చదవండి

2019 మార్చిలో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం, మీకు అర్థమయ్యే భాషలో సమాచార పత్రం ఇవ్వాలి. తెలుగు ప్రతి అడగండి. ఒడియా మాత్రమే చదవగలిగినవారు ఒడియా ప్రతి అడగవచ్చు. చదవడం రానివారికి పత్రమంతా చదివి వినిపించాలి, ఆ సమయంలో ట్రయల్‌తో సంబంధం లేని తటస్థ సాక్షి ఒకరు అక్కడే ఉండి సంతకం చేయాలి. ఆసుపత్రిలో ఆ ట్రయల్ పనే చేసే ఉద్యోగి తటస్థ సాక్షి కాలేరు.

పత్రంలో ఎన్నిసార్లు రావాలో రాసి ఉంటుంది. పాడేరు నుంచి ఘాట్‌రోడ్డు మీదుగా బస్సులో వచ్చేవారు, పలాస నుంచి రైల్లో వచ్చేవారు ఈ లెక్కను కాగితం మీద వేసుకోవాలి: ఎన్ని ప్రయాణాలు, తోడుగా ఎవరు, ఎన్ని రోజుల కూలి పోతుంది. ప్రయాణ ఖర్చు ఇస్తారా, తోడు వచ్చినవారికి కూడా ఇస్తారా, ఆ రోజే ఇస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. పరగడుపున రక్తం ఇవ్వాలని రాసి ఉంటే, ఇన్సులిన్ వేసుకునే మనిషి తెల్లవారుజామునే ఏమీ తినకుండా బయలుదేరి అంతసేపు ప్రయాణం చేయడం ప్రమాదకరమని చెప్పి, ఏం చేయాలో ముందే రాయించుకోండి. పరిశోధన కోసమే చేసే పరీక్షల ఖర్చు రోగి మీద పడకూడదన్నది ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ఉద్దేశం. ఏ పరీక్ష మీ వైద్యానిదో, ఏది పరిశోధనదో విడదీసి చెప్పమనండి.

మీరు పాటించలేనిదాన్ని పాటిస్తానని ఒప్పుకోకండి. కాలి లోతు సిరల్లో రక్తం గడ్డకట్టినవారికి, వెరికోస్ వెయిన్స్ ఉన్నవారికి బిగుతుగా ఉండే స్టాకింగ్స్ వేసుకోమంటారు. విశాఖ ఉక్కపోతలో, రోజంతా నిలబడి పనిచేసే బట్టల షాపు ఉద్యోగికో, హోటలు వంటమనిషికో, వాటిని మోకాలి దాకా తొడుక్కుని ఉండడం ఎంత కష్టమో వేసుకున్నవారికే తెలుసు. ఇది రోగి సోమరితనం కాదు, ఫలితాన్నే మార్చే విషయం. కెనడా, అమెరికాల్లో ఇలా లోతు సిరల్లో రక్తం గడ్డకట్టిన (డీవీటీ) 806 మంది రోగులతో జరిపి 2014లో ప్రచురించిన సాక్స్ ట్రయల్‌లో కొందరికి నిజమైన బిగుతు స్టాకింగ్స్, కొందరికి ఒత్తిడి దాదాపు లేని ప్లాసిబో స్టాకింగ్స్ ఇచ్చారు. దీర్ఘకాలిక వాపు, నొప్పి రెండు బృందాల్లోనూ ఒకే మాదిరిగా ఉన్నాయి. అంతకు ముందు ప్లాసిబో లేకుండా జరిగిన అధ్యయనాలు స్టాకింగ్స్‌కు మంచి ప్రయోజనం ఉందని చెప్పినందువల్ల పెద్ద చర్చే నడిచింది. రెండేళ్లు గడిచేసరికి వాటిని క్రమంగా వేసుకుంటున్నవారు సగానికి కాస్త ఎక్కువ మాత్రమే ఉన్నందువల్ల, పనిచేయనిది స్టాకింగా, వేసుకోకపోవడమా అన్న ప్రశ్న మిగిలింది. కాబట్టి డైరీలో "వేసుకున్నాను" అని మర్యాద కోసం రాయకండి. వేసుకోలేకపోతే వేసుకోలేదనే రాయండి.

ఇప్పటికే వాడుతున్న మందులన్నీ చెప్పండి

మాత్రల స్ట్రిప్పులు, చీటీలు అన్నీ బల్ల మీద పెట్టండి. ఆయుర్వేదం, హోమియో, పసరు మందులు, మోకాళ్ల నొప్పికి మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కునే మాత్రలు, ఏదీ దాచకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు గుండె బలహీనంగా ఉన్నవారిలో నీరు చేరేలా చేస్తాయి, రక్తం పలచబరిచే మందులతో కలిస్తే రక్తస్రావానికి దారితీస్తాయి. అసిట్రోమ్ వాడేవారు గోంగూర, తోటకూర వంటి ఆకుకూరలు ఒక వారం బాగా తిని మరో వారం పూర్తిగా మానేస్తే ఐఎన్ఆర్ తారుమారవుతుంది. కార్తీక సోమవారాలకో, రంజాన్‌కో ఉపవాసం ఉండే అలవాటు ఉంటే అది కూడా చెప్పవలసిన విషయమే, మందు వేళలు దాన్ని బట్టి మారవచ్చు.

సంతకం పెట్టే రోజు

ట్రయల్‌ను సమీక్షించి ఆమోదించే ఎథిక్స్ కమిటీలో కనీసం 7గురు సభ్యులు ఉండాలి, వారిలో సగం మంది అయినా ఆ సంస్థకు చెందనివారై ఉండాలి. న్యాయ నిపుణుడు, వైద్యరంగానికి చెందని సామాన్య వ్యక్తి కూడా అందులో ఉంటారు. కమిటీ ఫోను నంబరు మీ పత్రంలో ఉంటుంది. సంతకానికి ముందే ఒకసారి ఆ నంబరుకు ఫోన్ చేసి చూడండి, ఎవరైనా ఎత్తుతారో లేదో తెలుస్తుంది.

సమ్మతి పత్రంలో మీ చదువు, వృత్తి, వార్షికాదాయం, నామినీ పేరు అడుగుతారు. నామినీ అన్న గడి చూసి ఇంట్లోవారు కంగారుపడడం సహజం. ట్రయల్ కారణంగా మరణం సంభవిస్తే పరిహారం ఎవరికి అందాలో తెలియడానికే ఆ గడి, ప్రతి ఔషధ ట్రయల్‌లోనూ అది ఉంటుంది. పూర్తిగా కొత్త మందును, బలహీన స్థితిలో ఉన్నవారిగా నియమాలు గుర్తించినవారిపై పరీక్షించేటప్పుడు, సమ్మతి తీసుకునే సంభాషణను వీడియోలో రికార్డు చేస్తారు. కెమెరా ముందు తల ఊపి ఊరుకోకుండా, అర్థం కానిది అక్కడే అడగండి. ఆ ప్రశ్న కూడా రికార్డవుతుంది.

మన ఇళ్లలో అమ్మ తరఫున కొడుకు, భార్య తరఫున భర్త సంతకం పెట్టేయడం అలవాటు. తెలివితో ఉన్న పెద్దమనిషి విషయంలో అది చెల్లదు. ఆమెకు కూర్చుని వివరించండి, ఆమె వద్దంటే వద్దనే. సంతకం అయ్యాక సమాచార పత్రం, సంతకం చేసిన సమ్మతి పత్రం రెండింటి ప్రతులూ చేతిలో పడేదాకా కదలకండి.

ఏదైనా జరిగితే

ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, నల్లటి విరేచనాలు, ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాయడం, వీటిలో ఏది వచ్చినా మొదట 108కి ఫోన్ చేసి దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లండి, ఆ తరువాతే ట్రయల్ డాక్టరుకు ఫోన్ చేయండి. గాజువాకలోనో అనకాపల్లిలోనో ఉన్న మనిషి, ట్రయల్ జరిగే ఆసుపత్రికే వెళ్లాలన్న పట్టుదలతో ఊరంతా దాటుకుంటూ పోకూడదు. ట్రయల్‌లో ఉన్నట్టు చెప్పే కార్డును పర్సులో ఉంచుకుని, చేర్చుకున్న డ్యూటీ డాక్టరుకు చూపించండి. మందు ఏదో తెలుసుకోవడం తప్పనిసరైతే ఆ గుట్టు విప్పే ఏర్పాటు ప్రతి ట్రయల్‌లోనూ ఉంటుంది.

తీవ్రమైన హాని జరిగిన 24 గంటల్లో ట్రయల్ డాక్టరు ఔషధ నియంత్రణ అధికారులకు, స్పాన్సరుకు, ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. అది ట్రయల్ వల్ల కాదని తేలేదాకా, లేదా అవసరమైనంత కాలం, ఏది ముందైతే అంతవరకు చికిత్స ఉచితంగా అందాలి. ట్రయల్ వల్లనే మరణం సంభవించిందని తేలితే చెల్లించే పరిహారాన్ని 8 లక్షల రూపాయల ఆధార మొత్తంపై, రోగి వయసునూ, చేరేనాటికి అతని జబ్బు తీవ్రతనూ లెక్కలోకి తీసుకుని నిర్ణయిస్తారు. గుండెజబ్బు విషయంలో పేచీ వచ్చేది ఇక్కడే: ముందే గుండె బలహీనంగా ఉన్న రోగికి గుండెపోటు వస్తే అది జబ్బు వల్లనా, మందు వల్లనా అన్నది తేల్చడం సులభం కాదు. అందుకే కొత్త లక్షణం కనిపించిన తేదీ, వేళ, అప్పటికి వేసుకున్న మాత్ర వివరాలు మీ డైరీలో ఉండాలి.

కంపెనీ ప్రమేయం లేకుండా, ఇప్పటికే అనుమతి ఉన్న మందుపై వైద్యులే జరిపే అకడమిక్ ట్రయల్ అయితే పరిహారం ఎవరిస్తారు, బీమా ఉందా అన్నది ప్రత్యేకంగా అడగండి. పెద్ద కంపెనీ ట్రయల్ కంటే ఇక్కడే ఈ ప్రశ్న ఎక్కువ అవసరం.

మానేయాలనుకుంటే, ముగిసిన తరువాత

కారణం చెప్పకుండానే ఎప్పుడైనా తప్పుకోవచ్చు, దానివల్ల మీ మామూలు వైద్యానికి లోటు రాకూడదు. అయితే తప్పుకోవడం వేరు, మాత్రలు హఠాత్తుగా ఆపేయడం వేరు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు, రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు ఒక్కసారిగా ఆపితే గుండెపోటో, పక్షవాతమో రావచ్చు. తప్పుకుంటానని ముందు డాక్టరుకు చెప్పి, ఏ మందు స్థానంలో ఏది మొదలుపెట్టాలో చీటీ రాయించుకున్నాకే ఇంటికి రండి. మందులు ఆపినా, మీ ఆరోగ్యం ఎలా ఉందో ఫోనులో చెప్పడానికి ఒప్పుకుంటారా అని అడగవచ్చు. ఒప్పుకోవడం వల్ల మీకు నష్టం లేదు, ఆ సమాచారం లేకపోతే ఫలితాల లెక్క తప్పవచ్చు.

ట్రయల్ ముగిసే రోజున మిగిలిన మాత్రలు, ఖాళీ స్ట్రిప్పులు తిరిగి ఇచ్చేయాలి. ఆ మందు మీకు బాగా పనిచేసి ఉంటే తరువాత కూడా దొరుకుతుందా, ఎంతకాలం, ఎవరి ఖర్చుతో అని అడగండి. మీరు ఏ బృందంలో ఉన్నారో ఫలితాలు తేలిన తరువాత తెలియజేయమని కోరుతూ చిరునామా, ఫోను నంబరు ఇచ్చి రండి. ఆ ఉత్తరం వచ్చినప్పుడు దాన్ని ట్రయల్ ఫైలులో దాచేయకుండా, మీ బీపీ, షుగరు చూసే మామూలు డాక్టరుకు తీసుకెళ్లి చూపించండి, ఇకపై మీ మందుల చీటీ రాసేది ఆయనే.